పాత బండి, తాడు లాగే జనరేటర్, క్వార్ట్‌సైట్‌లో భోగి

క్యాలిఫోర్నియాలో మా ఇంటి నుంచి అమ్మానాన్నలతో కలిసి, అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ మీదుగా గ్రాండ్ క్యాన్యన్ దాకా బండిలో తిరిగి వచ్చి మూడు రోజులైంది. బండి మెట్ల సందుల్లోంచి ఇంకా ఇసుక రాలుతూనే ఉంది. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

బయల్దేరకముందు

మాది 1997 నాటి మోటార్‌హోమ్. ఫోర్డ్ ఇ-350 మీద కట్టిన 24 అడుగుల బండి. ముందు వ్యాన్ మొహం, వెనక చిన్న ఇల్లు. రెండేళ్ళ క్రితం రిటైరైన దంపతుల దగ్గర 9,500 డాలర్లకి కొన్నాం. దాంతోపాటు వచ్చిన జనరేటర్ ఆర్నెల్లు తిరక్కుండానే మూగబోయింది. రిపేరు షాపతను విప్పి చూసి 1,800 అవుతుందన్నాడు, అదీ గ్యారంటీ లేకుండా. కొత్తది పెట్టాలంటే నాలుగు వేల పైమాటే.

మా ఆయనా, పక్కింటాయనా కలిసి పాతదాన్ని కిందకి దింపారు. ఎనభై కిలోల పైనే ఉంటుంది, ఆ రాత్రి ఇద్దరూ నడుములకి జండూబామ్ రాసుకున్నారు. అది పోయాక బండి వెనక ఎడమవైపు రేకు గూడు ఒకటి ఖాళీగా మిగిలింది. అందులో పట్టేలా హోండా ఇన్వర్టర్ జనరేటర్ ఒకటి కొన్నాం. పేరుకి 2,200 వాట్లు, ఆగకుండా ఇచ్చేది 1,800. బరువు 21 కిలోలు, ఒంటిచేత్తో మోయొచ్చు. ఒంటిచేత్తో మోయగలిగినదాన్ని మళ్ళీ బండికి బిగించాలని మాకెందుకనిపించిందో ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తోంది.

రెండు శనాదివారాలు దానికే పోయాయి. గూట్లో ప్లైవుడ్ పళ్ళెం, దాని కింద బరువు మోసే స్లైడ్లు, పైన రబ్బరు చాప, కదలకుండా పట్టీ. గూడు తలుపుకి జాలీ కిటికీలు కోశాం. ఒక చిన్న ఫ్యాన్ పెట్టాం. సొరుగు లాగినట్టు లాగితే జనరేటర్ బయటికొస్తుంది, తోస్తే లోపలికెళ్తుంది. నేనైతే ఆ సొరుగుని ఊరికే ఓ పదిసార్లు లాగి తోసి ఉంటాను.

అప్పటికే అమ్మా నాన్నా తెనాలి పక్క మా ఊరి నుంచి వచ్చి నెలైంది. నాన్నకి ఆయిల్ ఇంజన్లతో నలభై ఏళ్ళ స్నేహం. సొరుగు లాగి చూపిస్తే అంతా చూసి ఒకటే అడిగారు.

"పొగ ఎటు పోతుంది బాబూ?"

"తలుపు తీసే నడుపుతాం మామయ్యగారూ, బయటికే పోతుంది."

"మన ఇంజను షెడ్డుకి మూడు గోడలే కట్టేవాళ్ళం. అయినా సైలెన్సరు గొట్టం కప్పు మీదకి పెట్టేవాళ్ళం," అని ఊరుకున్నారు. అల్లుడిగారి పనికి వంక పెట్టడం ఆయన పద్ధతి కాదు. మూసిన చోటే కాదు, సగం మూసిన చోట కూడా నడపొద్దని మాన్యువల్లోనే ఉంది. మేమూ చదివాం. తలుపు తీస్తే అది బయటే కదా అని మాకు మేమే అర్థం చెప్పుకున్నాం.

మొదటి రోజు, జాషువా ట్రీ

జాషువా ట్రీ మా రాష్ట్రంలోనే ఎడారిలో ఉన్న నేషనల్ పార్కు. లోపలికి బండికి 30 డాలర్లు. జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్ చేరేసరికి సాయంత్రం ఐదూ ఇరవై. ఇక్కడ కరెంటు లేదు, నీళ్ళూ లేవు, ఏనుగుల గుంపు పడుకున్నట్టు బండరాళ్ళు ఉన్నాయి. జనరేటర్ వేసుకోడానికి వేళలు రాసిపెట్టారు: పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7. అమ్మకి ఆ బోర్డు చదివి చెప్తే, "అంటే ఏడు లోపల పచ్చడి రుబ్బేసుకోవాలన్నమాట," అంది. ఆ వారమంతా మా వంట గడియారం అదే.

మా ఆయన తాడు లాగారు. మూడో లాగుకి అందుకుంది. బండి కేబుల్ తగిలించాం. లోపల లైటు రాలేదు. ముందు రోజు సాయంత్రమే కొన్న కరెంటు చెకింగ్ డబ్బా ఒకటి మధ్యలో పెట్టాం, తేడా కరెంటు వస్తే బండిలోకి పోనివ్వదు. ఇంట్లో ట్రయల్ వేసినప్పుడు అది లేదు. ఇప్పుడది ఎర్రలైటు వెలిగించి 'ఓపెన్ గ్రౌండ్' అంటోంది.

"ఎర్త్ లేదంటోంది. అంతేగా," అన్నారు నాన్న హుషారుగా. టెంటు మేకు ఒకటి ఇసుకలో దిగ్గొట్టారు. జనరేటర్ ఎర్త్ బోల్టు నుంచి దానికి వైరు చుట్టారు. అమ్మ దగ్గర ఉప్పు డబ్బా అడిగి, గ్లాసుడు నీళ్ళలో కలిపి మేకు మొదట్లో పోశారు. ఊళ్ళో మోటారు షెడ్డు దగ్గర ఎండాకాలం చేసే పనే. పక్క సైట్లో పిల్లలిద్దరు సైకిళ్ళు ఆపి మరీ చూశారు. ఎర్రలైటు మాత్రం ఆరలేదు.

ఆరు దాటిపోతోంది. మా ఆయన ఆ డబ్బా పీకి పక్కన పెట్టి కేబుల్ నేరుగా తగిలించారు. లైట్లు వచ్చాయి. అమ్మ మిక్సీ తిప్పింది, తాలింపు వేసింది, ఘాటుకి పైకప్పు ఫ్యాన్ వేసింది. ఇరవై నిమిషాలయ్యాక నాన్న ఉన్నట్టుండి చెయ్యెత్తారు.

"ఆగండి. వినండి. రేసవుతోంది, పడుతోంది, మళ్ళీ రేసవుతోంది. వేడెక్కిపోయింది."

మాకేమీ తేడా తెలియలేదు. బయటికెళ్ళి చూస్తే గూడు పైరేకు మీద చెయ్యి ఆనించలేకపోయాం. అది వదిలిన వేడిగాలే గూట్లో తిరిగి మళ్ళీ దాని లోపలికే పోతోంది. ఇంతలో బండి లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం కీచుమంది. జనరేటర్ ఆపి, నలుగురం బయటికొచ్చి, తలుపులన్నీ బార్లా తీసి చలిలో నిలబడ్డాం.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే విషయం తేలింది. జనరేటర్ పొగ వదిలే వైపు సరిగ్గా మా పడగ్గది కిటికీ కింద ఉంది. కిటికీ రెండు వేళ్ళంత తెరిచి ఉంది. పైకప్పు ఫ్యాన్ లోపలి గాలి బయటికి తోస్తుంటే, ఆ ఖాళీ నింపడానికి కిటికీలోంచి పొగ లోపలికొచ్చింది. అమ్మ తాలింపు ఘాటు పోగొట్టుకుంటూ అంతకన్నా చెడ్డదాన్ని పిలుచుకున్నాం. ఈ వాయువుకి రంగూ వాసనా ఉండవు. ఒక్క పోర్టబుల్ జనరేటర్ వందల కార్లంత కార్బన్ మోనాక్సైడ్ వదులుతుందని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ హెచ్చరిస్తూ ఉంటుంది. ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో పెట్టమనీ చెప్తుంది. మాది ఇరవై అంగుళాల దూరంలో ఉంది.

ఆ రాత్రి టార్చిలైటు పెట్టుకుని పెరుగన్నం, సగం రుబ్బిన దోసకాయ పచ్చడి. "పొగ ఎటు పోతుంది" అని నాన్న మళ్ళీ అడగలేదు. అడిగితేనే బాగుండేది.

రెండో రోజు, దక్షిణానికి దిగి నది దాటి

పొద్దున్నే ఏడు కొట్టగానే క్యాంప్‌గ్రౌండ్ నలుమూలలా జనరేటర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి, ఒక కుక్క మొరిగితే ఊరంతా అందుకున్నట్టు. మాది మాత్రం గూట్లోనే ఉంది. నాన్న దాన్ని చూస్తూ కాఫీ తాగారు.

పార్కు మధ్యగా దక్షిణానికి వస్తుంటే రెండు ఎడారులు మారతాయి. పైన మొహావీ, అక్కడే ఈ జాషువా చెట్లు. దిగేకొద్దీ అవి పల్చబడి, చోయా జెముడు వస్తుంది. దూరానికి బొచ్చుకుక్కపిల్లలా ముద్దుగా ఉంటుంది. అమ్మ చీర కుచ్చెళ్ళకి ఒక ముక్క తగులుకుంది. దాన్ని దువ్వెనతో ఊడదీయాలని అక్కడొకావిడ చెప్పింది, తన దువ్వెనే ఇచ్చింది.

ఐ-10 హైవే ఎక్కాక షిరియాకో సమ్మిట్ దగ్గర ఆగాం. 1933 నుంచి దారినపోయేవాళ్ళకి అన్నం పెడుతున్న చోటు. పక్కనే రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా సేనాని జనరల్ ప్యాటన్ మ్యూజియం, బయట వరసగా పాత ట్యాంకులు. 1942లో ఈ ఎడారిలోనే ఆయన సైన్యానికి ఎడారి యుద్ధం నేర్పారు. నాన్న ఫిరంగుల వైపు చూడలేదు. ట్యాంకు వెనక్కి వెళ్ళి, ఇంజను గాలి పీల్చే జాలీ ఎటుంది, పొగ ఎటు పోతుంది అని చూసొచ్చారు. "వీళ్ళు కూడా అటొకటీ ఇటొకటీ పెట్టారు," అన్నారు. మా ఆయన తలూపారు, ఏమీ అనలేదు.

బ్లైత్ దాటి కొలరాడో నది మీద వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు అరిజోనా. అక్కడికీ ఇక్కడికీ పెట్రోలు గ్యాలనుకి డాలరు పైనే తేడా. గ్యాలనుకి ఎనిమిదిన్నర మైళ్ళు ఇచ్చే బండికి అది చిన్న తేడా కాదు. ట్యాంకు చివర్లో ఉన్నా నది దాటేదాకా ఓపిక పట్టి లాక్కొచ్చాం.

క్వార్ట్‌సైట్ చేరేసరికి చీకటి. ఫోను చూపించిన దారి తారురోడ్డు దిగి, మట్టిరోడ్డై, చివరికి ఎండిన వాగులోకి తీసుకెళ్ళింది. వెనక చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. ఎక్కడి నుంచో ఇద్దరు ముసలాళ్ళు తలకి లైట్లు కట్టుకుని వచ్చారు. ఒకరి చేతిలో పార, ఇంకొకరి చంకలో రెండు చెక్కలు. టైర్లలో గాలి తగ్గించి, చెక్కలు వేసి, పావుగంటలో బయటికి లాగించారు. డబ్బులివ్వబోతే ఒకాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అమ్మ అరిసెల డబ్బా తీసింది. అప్పుడు ఆ చేతులు ముందుకొచ్చాయి.

మూడో రోజు, క్వార్ట్‌సైట్

ఇది వేసవిలో ఎండకి పడుకునే చిన్న ఊరు. చలికాలం మాత్రం చలిప్రాంతాల వాళ్ళంతా బండ్లేసుకుని ఇక్కడికే వస్తారు. ఎటు చూసినా రాళ్ళనేల మీద తెల్లటి బండ్లు, తిరనాళ్ళ ముందు రోజు ఎడ్లబళ్ళు విడిసినట్టు. ఊరికి దక్షిణాన లా పోసా అనే ప్రభుత్వ భూమిలో దిగాం. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజనంతా ఉంటే 180 డాలర్లు, పద్నాలుగు రోజులకి 40. మేముండేది మూడు రాత్రులే అయినా అదే 40. నీళ్ళు పట్టుకోడానికీ మురికినీళ్ళు వదలడానికీ చోటుంది కాబట్టి గిట్టుబాటే.

ఇక్కడి మర్యాద ఒకటి చెప్పాలి. ఎడారంతా ఖాళీగా ఉంది కదా అని ఎవరి బండి పక్కనా ఆనుకుని పెట్టకూడదు. తలుపు దగ్గరికి వచ్చి కొట్టకూడదు. పొద్దున్నే ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఒకావిడ నోటితో "టక్ టక్" అంది. డెబ్బై దాటి ఉంటాయి. స్కూలు బస్సు నడిపి రిటైరైంది, పదకొండేళ్ళుగా చలికాలమంతా ఒంటరిగా ఇక్కడే ఉంటుందిట. కాఫీ ఇస్తే తాగుతూ మా సొరుగు చూసింది. లాగింది, తోసింది. "చాలా బాగా చేశారు. ఇప్పుడు దాన్ని తీసి నేలమీద పెట్టండి," అంది.

తన జనరేటర్ చూపించడానికి తీసుకెళ్ళింది. బండికి దూరంగా, క్రియోసోట్ పొద వెనక, గాలి వాలున, గొలుసుతో పొద మొదలుకి కట్టి ఉంది. అక్కడి నుంచి బండికి లావుపాటి ఎక్స్‌టెన్షన్ తీగ. ఎండకి పైన అట్టముక్క, నాలుగు వైపులా గాలే.

ఎర్రలైటు సంగతి చెప్తే నవ్వి, తన పెట్టెలోంచి ఒక మామూలు ప్లగ్గు తీసింది. దానికి తీగ లేదు, వెనక ఏమీ లేదు. విప్పి చూపించింది. లోపల జానెడు కూడా లేని తెల్లవైరు ముక్క ఒకటి న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి. అంతే. దాన్ని జనరేటర్ రెండో సాకెట్లో గుచ్చి, మొదటి సాకెట్లో మా చెకింగ్ డబ్బా పెట్టింది. పచ్చలైటు.

నేను తర్జుమా చేస్తుండగానే నాన్నకి అర్థమైపోయింది. "మనకి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని ఎర్త్‌తో కలుపుతారు. దీనికి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుంది? న్యూట్రల్ గాల్లో వేలాడుతోంది. నేను ఎంత ఉప్పునీళ్ళు పోస్తే ఏం లాభం!" ఉప్పునీళ్ళ కథ చెప్తే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. ఒక జాగ్రత్త మాత్రం రెండుసార్లు చెప్పించింది: ఈ ప్లగ్గు ఒంటరి జనరేటర్‌కే. క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకి తగిలించినప్పుడు న్యూట్రల్, ఎర్త్ అక్కడే కలిసి ఉంటాయి కాబట్టి దీని జోలికి పోకూడదు. మేం దానికి ఎర్రటేపు చుట్టి జనరేటర్ హ్యాండిల్‌కే కట్టేశాం.

అసలు విషయం మధ్యాహ్నం తెలిసింది. రెండు గంటలు జనరేటర్ నడిపినా బ్యాటరీలు నిండలేదు. నాన్న ఆవిడ దగ్గర, తీగ విప్పకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటరు అడిగి తెచ్చి బ్యాటరీ తీగ చుట్టూ పట్టారు. 9 ఆంపియర్లు. సీటు కింద 120 వోల్టులని 12 వోల్టులుగా మార్చే డబ్బా ఒకటుంది, బండితో పుట్టిందే, తుమ్మెదలా ఝుమ్మంటూ ఉంటుంది. అది 13.6 వోల్టులు మించి ఇవ్వదు. బ్యాటరీ సగం నిండేసరికే దాని జోరు తగ్గిపోతుంది. చెరువు నిండా నీళ్ళున్నా తూము అంతే మరి. నాలుగువేలు పోసి ఎనభై కిలోల కొత్త జనరేటర్ పెట్టించుకుని ఉన్నా ఇదే 9 ఆంపియర్లు వచ్చేవి. రెండు శనాదివారాలు మేం కోసింది, బిగించింది అంతా రోగం లేని చోట.

ఊళ్ళో సంత ఉంది. రంగురాళ్ళు, పాత స్పానర్లు, అమ్మేవాడు ఒంటెది అంటున్న ఆవు ఎముక, సోలార్ పలకలు, టోపీలు. ఒక బల్ల మీద 40 ఆంపియర్ల బ్యాటరీ చార్జర్ దొరికింది. కొత్తదే, అట్టపెట్టె లేదు. 85 అన్నాడు. అమ్మ బేరానికి దిగింది, తెలుగులో. వేళ్ళతో ఆరు చూపించింది. అతను ఎనిమిది చూపించాడు. అమ్మ నడిచి వెళ్ళిపోయింది. నాలుగు బల్లలు దాటాక పిలిచాడు, 70కి తెగింది. సాయంత్రం దాన్ని నేరుగా బ్యాటరీలకి తగిలిస్తే మీటరు మీద 38. నాన్న ఆ అంకెని మమ్మల్నందర్నీ పిలిచి చూపించారు.

సంతలోనే ఫ్రై బ్రెడ్ తిన్నాం, తొమ్మిది డాలర్లు. మైదాపిండి పూరీ, మన చోళా భటూరా పక్కన నిలబడగలిగేంత పెద్దది. మీద తేనె పోసి ఇచ్చాడు. అమ్మ తేనె వద్దని సంచిలోంచి కందిపొడి తీసింది. అమ్మేవాడు కూడా చల్లుకుని తిని, ఇంకోసారి చల్లుకున్నాడు.

పొద్దు గూకే ముందు హై జాలీ సమాధి చూశాం. అసలు పేరు హాజీ అలీ. 1856లో అమెరికా సైన్యం ఎడారి రవాణాకి ఒంటెల్ని ఓడల మీద తెప్పించినప్పుడు వాటితోపాటు వచ్చినవాడు. ఒంటెల ప్రయోగం మూలపడింది, అతను మాత్రం ఇక్కడే ఉండిపోయి 1902లో పోయాడు. 1935లో రాళ్ళతో చిన్న పిరమిడ్ కట్టి, పైన రేకు ఒంటెని నిలబెట్టారు. పరాయి నోళ్ళలో నలిగి హాజీ అలీ హై జాలీ అయిపోయాడు. మా ఆయన ఆఫీసులో ఆయన్నేమని పిలుస్తారో గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

నాలుగో రోజు, అక్కడే, భోగి

తెల్లవారుజామున ఐదింటికి అమ్మ అందర్నీ లేపింది. కట్టెలు ముందురోజే సంతలో కొన్నాం, మోపు ఎనిమిది డాలర్లు. ఎవరో మేకులున్న పాత చెక్కలు ఊరికే ఇస్తామన్నారుగానీ, కాలాక మేకులు నేలలో మిగిలి టైర్లు పోతాయని స్కూలు బస్సావిడ వద్దంది. భోగిమంటలో పాతవి వేయాలి కదా అని నాన్న వెతికితే దొరికింది ఒక్కటే, మేం గూడు తలుపు కోయడానికి గీసుకున్న అట్ట నమూనా. మా ఆయనే తెచ్చి ఇచ్చారు. చక్కగా కాలింది.

మంట చూసి చుట్టుపక్కల వాళ్ళు తలా ఒక కుర్చీ పట్టుకుని వచ్చారు. ఇక్కడ ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోవాలి, అదీ మర్యాదే. వాగులోంచి మమ్మల్ని లాగినవాళ్ళలో ఒకాయన వచ్చి, అరిసెలు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి కాబట్టి జనరేటర్ వేయలేదు. అమ్మ పొంగలి గ్యాస్ స్టవ్ మీదే పెట్టింది. పాలు పొంగినప్పుడు అమ్మతోపాటు అందరూ చప్పట్లు కొట్టారు. పొంగిపోయినందుకు ఎందుకు సంతోషిస్తున్నారని ఒకాయన అడిగాడు. దానికి నా దగ్గర ఇంగ్లీషు లేదు.

ఐదో రోజు, లండన్ బ్రిడ్జి మీదుగా పైకి

ఉత్తరానికి పార్కర్ మీదుగా లేక్ హావసు సిటీ. అక్కడ నిజంగానే లండన్ బ్రిడ్జి ఉంది. థేమ్స్ నది మీదున్న పాత వంతెనని 1968లో రాబర్ట్ మెక్‌కలక్ అనే వ్యాపారి 24 లక్షల 60 వేల డాలర్లకి కొని, రాళ్ళు విప్పించి తెప్పించి, 1971కి ఇక్కడ నిలబెట్టాడు. "వంతెన కొనుక్కున్నాడా? నది లేకుండా?" అంది అమ్మ. వంతెన వచ్చాకే దాని కింద కాలవ తవ్వారని చెప్తే, నాన్న మా ఆయన భుజం తట్టి, "జనరేటర్ కొనుక్కుని సొరుగు కట్టుకున్నట్టే," అన్నారు. వారం మొత్తమ్మీద ఆయన పెట్టిన వంక అదొక్కటే.

కింగ్‌మన్ నుంచి ఎక్కుడే. గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచు సముద్రమట్టానికి 7,000 అడుగులు. మాథర్ క్యాంప్‌గ్రౌండ్ చేరేసరికి చెట్ల కింద పాత మంచు. మా సైట్ వెతుక్కుంటూ ఒకే లూపులో మూడుసార్లు తిరిగాం. మూడోసారి ఒకాయన టెంటులోంచి తల బయటపెట్టి, మేం అడక్కుండానే చెయ్యి చూపించాడు.

ఆరో రోజు, గ్రాండ్ క్యాన్యన్

నాలుగింటికి మెలకువ వచ్చింది, చలికి. హీటరు గ్యాస్‌తో మండుతుందిగానీ వేడిగాలి ఊదే ఫ్యాను బ్యాటరీ మీద నడుస్తుంది. అది ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, చలిరాత్రి సగం సేపు తిరుగుతూనే ఉంటుంది. టిక్కుమంటోంది, లేవబోతోంది, పడుకుంటోంది. మీటరు 11.6 వోల్టులు. బయట ఫారెన్‌హైట్‌లో 19, అంటే మన లెక్కలో మైనస్ ఏడు. జనరేటర్ వేయడానికి వీల్లేదు, అందరూ నిద్రలో ఉన్నారు. చార్జర్ కొన్నాం సరే, ఆరేళ్ళ నాటి బ్యాటరీలు పట్టుకునేదే సగం. చలికి ఆ సగంలోనూ కొంత పోయింది. నలుగురం ఉన్న దుప్పట్లన్నీ ఒక్క మంచం మీద వేసుకుని కూర్చున్నాం. అమ్మ మా చిన్నప్పటి దివిసీమ తుపాను రాత్రి కథ చెప్పింది. దాని ముందు ఇదెంత అనిపించింది.

తెల్లారి అనుమతించిన వేళకి తాడు లాగితే అందుకోవడానికి ఎనిమిది లాగులు. నేలమీద, బండికి దూరంగా, పొగ అవతలికి. చార్జర్ పెట్టాం, పర్వాలేదు. మైక్రోవేవ్ కూడా వేయగానే ఎర్రలైటు, కరెంటు బంద్. ఈసారి ఎర్త్ కాదు, ఓవర్‌లోడ్.

"గాలి పల్చన," అన్నారు నాన్న. కార్బొరేటర్ ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ మూడున్నర శాతం దాకా బలం కోల్పోతుంది. ఏడువేల అడుగులకి దాదాపు పావు వంతు. మన 1,800 వాట్లు ఇక్కడ 1,350 చిల్లర. మైక్రోవేవ్ ఒక్కటే 1,500 దాకా అడుగుతుంది. తేనెతుట్ట దగ్గర ఎలుగుబంటిలా మా ఆయన జనరేటర్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. తర్వాత కాఫీ స్టవ్ మీద కాచారు.

క్యాన్యన్ గురించి నేను కొత్తగా రాసేదేమీ లేదు. మేఘం విడిచేదాకా గంటన్నర మాథర్ పాయింట్ దగ్గర నిలబడ్డాం. విడిచాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కాసేపాగి, "అడుగున ఆ నదేనా మనం మొన్న పెట్రోలు కోసం దాటింది?" అని అడిగారు. అదే.

ఏడో రోజు, ఇంటికి

క్యాలిఫోర్నియాలోకి వచ్చేటప్పుడు నీడిల్స్ దగ్గర వ్యవసాయ తనిఖీ. పళ్ళు, మొక్కలు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు ఆఫీసరు. అమ్మ నిజాయితీగా కరివేపాకు చూపించింది. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా ఉంటుందిట, మర్యాదగానే తీసేసుకున్నాడు. "మా పెరటిదేనని చెప్పవే," అంటుంది అమ్మ. చెప్పలేదు. చెప్తే పెరటి దాకా వస్తాడేమోనని నా భయం.

తిరిగింది 1,050 మైళ్ళు. బండి 124 గ్యాలన్లు తాగింది, దగ్గర దగ్గర 500 డాలర్లు. వారమంతా అంత గోల చేసిన జనరేటర్ తాగింది నాలుగు గ్యాలన్లు కూడా లేదు. సొరుగు, స్లైడ్లు, ఫ్యాను, జాలీలు కలిపి 260 అయ్యాయి. పనికొచ్చినవి రెండే. 70 డాలర్ల చార్జరు ఒకటి, ఆవిడ ఊరికే ఇచ్చిన ప్లగ్గు ఇంకొకటి. కొత్త బ్యాటరీలకి ఆర్డరు పెట్టాం. ఝుమ్మనే డబ్బా స్థానంలో కొత్త కన్వర్టరుకి కూడా.

గూడుకి కోసిన జాలీలు అలాగే ఉన్నాయి. సొరుగులో ఇప్పుడు చెప్పులు పెడుతున్నాం. గాలి బాగా ఆడుతుంది.

నిన్న సాయంత్రం నాన్న జనరేటర్ పక్కన గొంతుక్కూర్చుని, కార్బొరేటర్ కింది స్క్రూ తిప్పి, గిన్నెలో మిగిలిన పెట్రోలు వంపేశారు. నెలల తరబడి నడపకపోతే అది జిగురైపోయి జెట్ మూసుకుపోతుందని. స్టీలు మూతలో పట్టారు, రెండు చెంచాలు వచ్చింది. ఇందాకటి నుంచి అమ్మ పాలగిన్నె మూత వెతుకుతోంది. నాకు తెలుసు. ఇంకా చెప్పలేదు.